నాటకశాలలో పసిబిడ్డలు

ఈ నడుమ మన హైదరాబాదు నగరమున నాటకశాలల వాకిళ్లయొద్దను, సంగీతసభల ఆహ్వానపత్రముల అడుగునను ఒక వాక్యము తఱచుగా కానవచ్చుచున్నది. ఐదేండ్లకు లోబడిన పిల్లలను తీసికొని రావలదని దాని తాత్పర్యము. కొందఱు దీనిని వినయముగా వ్రాయుదురు. కొందఱు ఆజ్ఞవలె వ్రాయుదురు. వ్రాయని చోట్ల వాకిలి కాచువాని చూపే ఆ పని చేయుచున్నది. ఈ నిషేధము న్యాయమా కాదా, న్యాయమైనచో ఎంతవఱకు న్యాయము, కానిచో దానికి బదులు ఏమి చేయదగును అను విషయమును గూర్చి మేము కొంత విమర్శింప దలచినాము. బిడ్డ యేడ్చుటకును సంఘసంస్కారమునకును సంబంధమేమని చదువరులలో కొందఱు నవ్వవచ్చును. సంబంధము కలదనియే మా వాదము.

బిడ్డను తేవలదన్నచో ఇంటిలో నిలిచిపోవువారెవ్వరు? తండ్రి నిలిచిపోయిన ఇండ్లను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. నిలిచిపోవునది తల్లి. అత్తగారో అమ్మగారో దగ్గఱ ఉన్నచో కొంత వెసులుబాటు. వేఱు కాపురమైనచో అదియును లేదు. ఇద్దఱు బిడ్డలకు నడుమ మూడేండ్ల యెడమున్న ఇంటిలో, పెద్దబిడ్డ పుట్టిననాటి నుండి చిన్నబిడ్డకు ఐదేండ్లు నిండువఱకు ఎనిమిదేండ్లు గడచును. ఈ ఎనిమిదేండ్లును ఆ యిల్లాలు నాటకము చూడరాదు, కచ్చేరి వినరాదు, హరికథకు పోరాదు. ఏ శాసనమును ఆమెను వలదనలేదు. బిడ్డను మాత్రమే వలదన్నది. స్త్రీవిద్యకై నూఱేండ్లకు పైగా పోరాడిన సంఘము, చదువుకొన్న స్త్రీని ఈ విధముగా మఱల వంటయింటి గడపలోపల నిలుపుచున్నదని ఎవ్వరును గమనించినట్లు లేదు. ఆమె టిక్కెట్టు కొనగలదు, పద్యము రుచి ఎఱుగును, రాగము పేరు చెప్పగలదు. అయినను ఇంటిలోనే ఉన్నది.

ఉస్మాన్‌గంజ్ వంటి పేటలో ఈ సంగతి మఱింత స్పష్టముగా కానవచ్చును. ఏడవ నిజాము పేరు ధరించిన ఈ గంజ్ టోకు బేరముల తావు. బస్తాలు దిగుట, బస్తాలు ఎక్కుట, హమాలీల కేకలు, తోపుడు బండ్లు, లెక్కల పుస్తకములు. పగలెల్ల ఇదే సందడి. క్రింద కొట్టు, పైన కాపురము అను ఏర్పాటుగల వీధులలో బిడ్డకు ఆడుకొనుటకు వాకిలి లేదు. మెట్లు దిగినతోడనే బండ్లు. కొట్టు కట్టువఱకు మగవాడు కదలడు. సాయంకాలము ఆఱు గంటలకు ఆరంభమగు నాటకమునకు ఆ యింటినుండి పోగలిగినది ఇల్లాలే. పోవలెనన్న ఆమె బిడ్డలతోనే పోవలెను. రవీంద్రభారతి గాని, చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ గాని, పబ్లిక్ గార్డెన్సు గాని అక్కడికి ఆటోలో పోదగిన దూరమే. ఆమెకు అడ్డమైనది దూరము కాదు.

ఈ చిక్కు మన పూర్వుల ఆటపాటలకు లేకుండెను. తోలుబొమ్మలాటను చూడుడు. తెల్లని తెర వెనుక దీపము, తెరమీద రంగుల నీడలు. ముందు నేలమీద పిల్లలు, వారి వెనుక తల్లులు, చుట్టును మగవారు. యుద్ధఘట్టము వచ్చుసరికి పిల్లలలో సగముమంది నిద్రపోవుదురు. మద్దెల మోత పెరిగినప్పుడు ఉలికిపడి లేచి, తెరపై పది తలలను చూచి, మఱల తల్లి తొడపై తల వాల్తురు. బిడ్డ యేడ్చినచో తల్లి లేచి నాలుగడుగులు అవతలకు పోయి పాలిచ్చి తిరిగి వచ్చి కూర్చుండును. ఎవ్వరి మోకాళ్లను దాటి పోవలసిన పని లేదు. తెలంగాణమున చిందు భాగవతమును, ఒగ్గుకథయు ఇట్టివే. చిందు ఎల్లమ్మ పసితనముననే గజ్జె కట్టినది. ఆమెకు ఆట ఎవ్వరును పాఠముగా చెప్పలేదు, ఆటలో పెరిగినది. ఘంటసాల వేంకటేశ్వరరావు శైశవమున తండ్రితో భజనలకు పోయి, తరంగములకు అడుగులు వేసి, చూచినవారిచేత బాలభరతుడనిపించుకొనెను. ఆ బిడ్డను వాకిట నిలిపివేసిన సభ యేదైన ఉండినచో ఏమయ్యెడిదో ఊహింపదలచినవారు ఊహింపవచ్చును.

అయినను పూర్వకాలమంతయు బంగారమని మేము చెప్పబోవుట లేదు. జుట్టుపోలిగాడును, బంగారక్కయు, కేతిగాడును తెరమీదికి వచ్చినప్పుడు పలుకు హాస్యములో కొంత పిల్లల చెవిని పడదగినది కాదు. రాత్రి తెల్లవార్లు జరుగు ఆటకు పోయిన బిడ్డ మఱునాడు బడిలో కునికిపాట్లు పడెను. మా మెప్పు ఆ ఆటలలోని ఒక్క గుణమునకే: వచ్చిన బిడ్డను బరువుగా తలపక, బిడ్డ లేచిపోవుటకును తిరిగి వచ్చుటకును చోటు ఉంచుట.

నాలుగు గోడల నాటకశాల వచ్చినతోడనే ఈ చోటు పోయినది. 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజమువారు ఆంధ్రదేశమున ప్రదర్శనములిచ్చిరి. 1880లోనే వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తమ విద్యార్థులచే 'వ్యవహార ధర్మబోధిని'ని ఆడించిరి. 1892లో విజయనగరమున జగన్నాథవిలాసినీ సభవారు 'కన్యాశుల్కము'ను తొలిసారిగా ప్రదర్శించిరి. తెరలు వచ్చినవి, కుర్చీల వరుసలు వచ్చినవి, టిక్కెట్టు వచ్చినది. టిక్కెట్టు కొన్నవానికి తాను ఇచ్చిన సొమ్మునకు ప్రతి మాటయు వినబడవలెనను హక్కు వచ్చినది. ఆ హక్కు న్యాయమైనదే. నటుడు గొంతు తగ్గించి పలుకు మాట వెనుక వరుసకు చేరవలెనన్న నిశ్శబ్దము కావలయును. అయితే ఆ నిశ్శబ్దమునకు వెల యెవ్వరు చెల్లించుచున్నారో మాత్రము ఎవ్వరును అడుగలేదు.

సంస్కారప్రియుల ఇండ్లకు ఇందులో వేఱొక వారసత్వమును కలదు. శుభకార్యములలో భోగముమేళములు పెట్టరాదని ఆ కాలమున పెద్దలు పోరాడిరి. పోరాటమునకు కారణమున్నది. కాని దానివెంట ఆట అనునదే అనుమానింపదగిన వస్తువన్న భావము గూడ మంచి యిండ్లలో పాతుకొనినది. బిడ్డ పుస్తకము చదివిన మెచ్చుకొందురు, వేషము చూచి వచ్చిన మందలింతురు. నేటికిని పెద్ద చదువులు చదివిన తండ్రులు కొందఱు బిడ్డచేతికి ఫోను ఇచ్చుటకు సంకోచింపరు గాని నాటకమునకు తీసికొని పోవలెనన్న ఇది వయస్సు కాదందురు. ఫోనులో కనబడు బొమ్మ బిడ్డను చూడదు. రంగముమీది నటుడు చూచును. బిడ్డ నవ్విన ఒక క్షణము ఆగును, బిడ్డ భయపడిన అతనికి తెలియును. ఈ భేదము పసివారికి మనకంటె ముందుగా తెలియుచున్నదని మా నమ్మకము.

ఇక సురభివారి సంగతి. పిల్లలతో చూడదగిన నాటకము తెలుగులో ఉన్నదా అని యడుగువారికి మేము చూపునది వీరినే. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు 'కీచకవధ'తో ఆరంభించిన ఈ పరంపర, అంతకుముందు తోలుబొమ్మలాడించిన కుటుంబములది. నాటకమునకు వచ్చినను బొమ్మలాటవారి రహస్యమును వీరు విడువలేదు. కనులకు ముందు ఆశ్చర్యము, చెవికి తరువాత పద్యము. తీగల సాయమున మనుష్యులు గాలిలో తేలుదురు. పొగ లేచును, నిప్పు మెఱయును, తెర క్షణములో మాఱి అడవి సభ యగును, సభ సముద్రమగును. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవచ్చునని వీరు చూపిననాటికి ఇతర సమాజములలో మీసము గొఱిగిన మగవారే సీతలు, చంద్రమతులు. అన్నిటికంటె ముఖ్యముగా, వీరి కుటుంబమున పుట్టిన బిడ్డ నడక నేర్చుటకు ముందే రంగమెక్కును. చేతులలో ఎత్తుకొనిన బాలకృష్ణుడై వచ్చును, నాలుగేండ్లకు కుశుడో లవుడో యగును, పదేండ్లకు ప్రహ్లాదుడగును. 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని చిరకాలము నడిపిన బాబ్జీగారికి, అనగా నాగేశ్వరరావుగారికి, 2013లో పద్మశ్రీ లభించినది. ఆయన 2022లో కీర్తిశేషులైనారు. పబ్లిక్ గార్డెన్సులోని లలితకళాతోరణమున ఆ మండలివారి ప్రదర్శనములు చూచిన నగరవాసులు పలువురు కలరు.

'మాయాబజారు'ను వీరు ఆడునప్పుడు సభలోని పసివారి యేడుపు ఎవ్వరికిని అడ్డము రాలేదని మేము చెప్పగలము. ఏల? ఏడ్చుటకు వారికి తీరిక లేదు. ఘటోత్కచుడు వచ్చినంతనే ముందు వరుసల పిల్లలు కుర్చీలపై నిలుచుందురు, వెనుక కూర్చున్నవారు విసుగుకొందురు, ఆ విసుగు సగములో నవ్వుగా మాఱును. ఇది కళకు తక్కువ స్థాయి అని కొందఱు విమర్శకులు అందురు. తీగలు కనబడుచున్నవనియు, పాతతెరలు వెలిసిపోయినవనియు, పద్యమును రాగమున సాగదీయుటలో అర్థము జాఱిపోవుచున్నదనియు వారి యాక్షేపణ. కడపటి దానిలో నిజమున్నది. రాగాలాపనమునకు ఆశపడి కథను నిలిపివేయు దుర్గుణము మన పద్యనాటకమంతటికిని కలదు, పిల్లలు మొదట చెదరునది అక్కడనే. తీగ కనబడుట మాత్రము మాకు దోషముగా తోచదు. తీగను చూచిన బిడ్డ అతడు ఎట్లు ఎగిరెనని యడుగును. ఆ ప్రశ్న అడిగిన బిడ్డ మోసపోలేదు. ఆట ముగిసిన తరువాత ఆ బిడ్డను తెర వెనుకకు కొనిపోయి, కప్పీని, త్రాటిని, గదకు పూసిన రంగును చూపినచో ఎంత మేలు! ఇందుకు సమాజములవారు పది నిమిషములు కేటాయింపవలెనని మా మనవి.

సురభివారికి చెల్లినది మన ఇతర సభలకు ఏల చెల్లదు? మా తీర్పున నేరములో పెద్దపాలు పిల్లలది కాదు, ఆరంభమునది. ఆహ్వానపత్రమున ఆఱు గంటలని ఉండును. ఆఱు గంటలకు శాలలో వేదిక తుడుచువాడు తప్ప ఎవ్వడును ఉండడు. ఆఱున్నరకు మైకు పరీక్ష. ఏడు గంటలకు ముఖ్య అతిథిగారు బయలుదేరినారని ప్రకటన. అటుపిమ్మట జ్యోతిప్రజ్వలనము, ప్రార్థనాగీతము, స్వాగతవచనములు. వేదికపై తొమ్మిదిమంది, తొమ్మిదిమందికి తొమ్మిది శాలువలు, పుష్పగుచ్ఛములు, జ్ఞాపికలు. ఒక్కొక్క శాలువకు ఛాయాచిత్రము. చిత్రము సరిగా రాలేదన్నచో శాలువను మఱల కప్పుదురు. తరువాత ప్రసంగములు, సమయాభావముచే రెండే మాటలు చెప్పెదనని ఆరంభించు ప్రసంగము ఎంతసేపు సాగునో చదువరులకు తెలియనిది కాదు. ఎనిమిది గంటలకు తెర లేచును. మూడేండ్ల బిడ్డకు దినమునకు పది మొదలు పదమూడు గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుదురు. ఆ బిడ్డ నిద్రవేళకు మన నాటకము ఆరంభమగుచున్నది. ఆఱు గంటలకు ఉత్సాహముతో వచ్చిన బిడ్డ రెండు గంటలు శాలువలు చూచి, ఆకలిగొని, తెర లేచునప్పటికి యేడ్చును. అప్పుడు అందఱును వెనుకకు తిరిగి ఆ తల్లిని చూతురు. ముఖ్య అతిథిని ఎవ్వరును చూడరు.

విశ్వకవి పేర 1961లో వెలసిన శాల మన నగరమున ఉన్నది. ఆయన 1901లో శాంతినికేతనమున బడి పెట్టి, ఆ బడి పిల్లలతో కలిసి తాను వేషము వేసిన మనుష్యుడు. ఆయన 'డాక్‌ఘర్' అను నాటకమునకు కథానాయకుడు కిటికీయొద్ద కూర్చున్న రోగియైన బాలుడు. 1942 జూలైలో వార్సా నగరపు యూదుల నిర్బంధవాటికలో యానుష్ కోర్చాక్ అను వైద్యుడు తన అనాథాశ్రమపు బిడ్డలచే ఆ నాటకమునే ఆడించెను. కొలది దినములకే ఆయనను, ఆ బిడ్డలను నాజీలు మరణశిబిరమునకు కొనిపోయిరి. అంతటి ఘోరదశలో గూడ బిడ్డలకు నాటకము అక్కఱలేదని ఆ వైద్యుడు తలపలేదు. అట్టి కవి పేరు ధరించిన చోట సభలు జరుపువారు, శాలువల సంఖ్యను తగ్గించియైనను బిడ్డల నిద్రవేళకు ముందు తెర ఎత్తింపరాదా?

పిల్లల అల్లరిని గూర్చి మాటలాడునప్పుడు పెద్దల సభామర్యాదను గూడ కొంచెము తలచుకొనుట మంచిది. ఉస్మాన్‌గంజ్‌నకు కొలది దూరమున, జాంబాగులోని వివేకవర్ధినీ నాటకశాలలో 1921 నవంబరున నిజాము రాష్ట్ర సంఘసంస్కార మహాసభ జరిగినది. మహర్షి కార్వేగారు అధ్యక్షులు. వచ్చినవారందఱును విద్యావంతులు, సంస్కారవాదులు. ఆ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడుటకు లేచినంతనే నవ్వులు, కేకలు, చప్పట్లు. ఆయన మాట సాగనీయలేదు. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినదని చరిత్ర. ఆనాడు శాలలో గోల చేసినవారిలో పసిబిడ్డ ఒక్కడైనను లేడు. నేటి సభలలో సైతము మొదట మ్రోగునది బిడ్డ గొంతు కాదు, పెద్దల జేబులోని ఫోను. ఆ ఫోనును ఆపుటకు బదులు వరుస నడుమనుండియే 'సభలో ఉన్నాను, తరువాత మాటలాడెదను' అని గట్టిగా చెప్పు పెద్దమనిషిని ఏ వాకిలి కాచువాడును ఆపడు.

వాకిలి మాట వచ్చినది గనుక వాకిలినిగూర్చి. పిల్లలను సభలకు తీసికొని పోవుటలో మాకు నిజముగా భయము కలిగించునది ఇది యొక్కటే. 1883 జూన్ 16న ఇంగ్లండులోని సండర్లాండు పట్టణమున విక్టోరియా హాలులో పిల్లలకు వినోదప్రదర్శనము జరిగెను. చివఱ బహుమానములు పంచెదరని విన్న పిల్లలు మేడపైనుండి మెట్లమీదుగా దిగిరి. క్రింద తలుపు లోపలికి తెఱచుకొనునది. ఒక్కరు పట్టునంత సందు మాత్రమే ఉంచి గడియ వేయబడినది. నూట ఎనుబదిముగ్గురు బిడ్డలు అచ్చట ఊపిరాడక చనిపోయిరి. 1903 డిసెంబరు 30న చికాగోలోని ఇరోక్వా నాటకశాలలో సెలవుదినపు మధ్యాహ్నప్రదర్శనమున నిప్పు పుట్టి ఆఱువందలమందికి పైగా మరణించిరి. వారిలో పలువురు తల్లులు, పిల్లలు. దూరపు కథలని త్రోసివేయుటకు వీలులేదు. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీ పట్టణమున ఒక పాఠశాల వార్షికోత్సవమున షామియానా అంటుకొని నాలుగువందలమందికి మించి దగ్ధులైరి. సగమునకు పైగా పసివారు. బిడ్డల ఆటపాటలను చూడవచ్చిన తలిదండ్రులు బిడ్డలతోనే కాలిపోయిరి. మన నగరముననే 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి ఆర్టీసీ చౌరస్తాయొద్ద ఒక సినిమాశాలకు కథానాయకుడు స్వయముగా వచ్చినప్పుడు జరిగిన త్రొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణములు కోలుపోయెను. ఆమె కుమారుడు, పసివాడు, ప్రాణాపాయస్థితిలో ఆసుపత్రి పాలయ్యెను.

ఆ మఱుసటి నెల, 2025 జనవరిలో, తెలంగాణ ఉన్నతన్యాయస్థానము పదునాఱేండ్లలోపు పిల్లలను ఉదయము పదునొకండు గంటలకు ముందును, రాత్రి పదునొకండు గంటల తరువాతను సినిమాలకు అనుమతింపరాదని మధ్యంతరముగా ఆజ్ఞాపించెను. మార్చిలో ఆ ఆజ్ఞ సడలింపబడినది. వేళనుగూర్చిన ఆ చింత మంచిదే. కాని త్రొక్కిసలాటకు కారణము బిడ్డ వయస్సు కాదు, శాల పట్టుటకు మించిన జనమును లోనికి విడుచుటయు, బయటకు పోవు దారి ఇఱుకగుటయు. సండర్లాండు ఘోరము తరువాత ఇంగ్లండువారు బిడ్డలను ఇంట కూర్చుండబెట్టలేదు. లోపలినుండి త్రోసినంతనే తెఱచుకొను తలుపులు వచ్చినవి. బిడ్డను తీసికొని సభకు పోవు ప్రతి గృహస్థుడును లోనికి పోవుటకు ముందు తలుపులు ఎన్ని, అవి ఏవైపునకు తెఱచుకొనును, వానిపై గొలుసు ఉన్నదా అని చూడవలెను. గొలుసు ఉన్నచో టిక్కెట్టు సొమ్ము పోయినను వెనుదిరుగవలెను.

శబ్దమును గూర్చి కొంచెము. నేడు వీథి వేదికలమీద పెట్టు యంత్రముల మోత పెద్దల గుండెలనే అదరగొట్టుచున్నది. పసివారి చెవినాళము చిన్నదగుటచే అదే ధ్వని వారికి మఱింత తీవ్రముగా తాకును. వినోదస్థలములలో పదునైదు నిమిషముల సగటున నూఱు డెసిబెల్లకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో నియమము చెప్పినది. అదియును పెద్దల చెవిని తలచి చెప్పినది. చంటిబిడ్డను భుజముపై ఎత్తుకొని ధ్వనిపెట్టె ముందు నిలుచుండి చిందులు వేయు తండ్రిని చూచినప్పుడు మాకు కోపమే వచ్చును. ఇట్టి చోట్లకు బిడ్డను తేవలదని మేము గూడ బల్ల వ్రాసెదము.

ఇక భయమును గూర్చినది. నరసింహుడు స్తంభమునుండి వెడలి హిరణ్యకశిపుని చీల్చుట, కాటిలో చంద్రమతి చనిపోయిన లోహితాస్యుని ఒడిలో పెట్టుకొని విలపించుట, ఇట్టివి పసివారు చూడదగునా? ఇది తేలికగా తీర్పు చెప్పదగిన ప్రశ్న కాదు. బలిజేపల్లివారి హరిశ్చంద్రుని కాటిసీనులో పెద్దలే కన్నీరు తుడుచుకొందురు. నాలుగేండ్ల బిడ్డ అందులో చూచునది సత్యవ్రతము కాదు, చనిపోయిన తనయీడు బాలుడు. ఆ రాత్రి ఆ బిడ్డ తల్లిని విడువక పట్టుకొని నిద్రించిన ఆశ్చర్యము లేదు. కాని రాజకోటలో చదువుకొను ఒక బాలుడు తండ్రి అనుమతి పొంది ఒక నాటకసమాజమువారి హరిశ్చంద్రను చూచెను; దానిని మనస్సులో లెక్కలేనన్ని మారులు తానే ఆడుకొనెను, తలచుకొని యేడ్చెను. అతడు పెరిగి మహాత్ముడైన తరువాత తన ఆత్మకథలో ఆ సంగతిని వ్రాసికొనెను. ఆ కన్నీటిని ఏ తల్లియైనను ఆపదలచినచో మేమేమందుము? మాకు తోచినది ఇంతే: భయము ఒడిలో కూర్చుండి పడినప్పుడు బిడ్డ దానిని మ్రింగగలదు, ఒంటరిగా ఫోనుముందు పడినప్పుడు మ్రింగలేదు. ఐదాఱేండ్లకు లోపు కాటిసీను వలదు. ప్రహ్లాదుడు తల్లి ప్రక్కనున్న చాలును. నరసింహుడు రాబోవుచున్నాడని ముందుగా చెవిలో చెప్పుటలో రసభంగమేమియు లేదు; పిల్లలు తెలిసిన కథనే కోరుదురు.

సంగీతసభల విషయము నాటకము వంటిది కాదు. మూడుగంటల కచ్చేరిలో రాగము-తానము-పల్లవిని కదలక వినుమని మూడేండ్ల బిడ్డను కోరుట అన్యాయము. ఆ బిడ్డ కదలినందున విద్వాంసుని ఆలాపన చెదరుట గూడ అన్యాయమే. ఇక్కడ నిషేధమును కోరువారి పక్షమున బలమున్నదని ఒప్పుకొనవలెను. అయినను నిషేధము ఒక్కటే దారి కాదు. రష్యాలో నతాలియా సాట్స్ అను స్త్రీ పిల్లల నాటకశాలకై అడుగగా 1936లో ప్రొకోఫియెవ్ 'పీటరు, తోడేలు' అను కథాసంగీతమును కూర్చెను. ఒక్కొక్క వాద్యము ఒక్కొక్క పాత్ర, అరగంటలోపల ముగియును. అమెరికాలో బెర్న్‌స్టయిన్ 1958 మొదలు 1972 వఱకు న్యూయార్కు వాద్యబృందముతో బాలబాలికలకు వేఱుగా కచ్చేరులు జరిపి, వాద్యములను వివరించి చెప్పెను. మన దేశముననే 1977లో కిరణ్ సేఠ్ ఢిల్లీలో ఆరంభించిన స్పిక్‌మెకే సంస్థ పెద్ద విద్వాంసులను బడులకే తీసికొని పోవుచున్నది. తెలుగున న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో బాలానంద సంఘమును పెట్టి పిల్లలచేతనే పిల్లలకు ఆటపాటలు నడిపిరి. ఇన్ని మార్గములుండగా మన సభలవారు సంవత్సరమునకు నాలుగు ఆదివారములైనను ఉదయము పదిగంటలకు, నలుబది నిమిషములు, మృదంగమును పిల్లలను ముట్టనిచ్చి ఒక కచ్చేరి ఏల పెట్టరాదు? పబ్లిక్ గార్డెన్సులో జవాహర్ బాలభవనము 1966 నుండి ఉన్నది. చోటు లేదని సాకు చెప్పుటకు వీలులేదు.

తలిదండ్రుల నేరములను గూర్చి మౌనము వహించినచో ఈ విమర్శ ఏకపక్షమగును. బిడ్డ యేడ్చినతోడనే లేచి బయటకు పోవలెనన్న జ్ఞానము లేనివారు కొందఱు. వరుస నడుమ కూర్చుండి, చప్పుడు చేయు కాగితపు పొట్లమును విప్పి, చిరుతిండితో యేడుపును కొనుచుందురు. మఱికొందఱు బిడ్డను నాటకమునకు తెచ్చి, ఆటలో సగము బిడ్డ ముఖమునకు ఫోను అడ్డము పెట్టి చిత్రములు తీయుదురు. చీకటిలో ఆ వెలుగు పదివరుసల వెనుకకు పోవును. బిడ్డను నలుగురిలో మెప్పించుటకు తెచ్చువారు, ఆట ముగిసినతోడనే ఏమి నేర్చుకొంటివని పరీక్ష పెట్టువారు గూడ కలరు. రెండేండ్ల బిడ్డ ఏమియు నేర్చుకొనదు. గదను చూచును, దీపమును చూచును, అందఱును ఒక్కసారి నవ్వుట వినును. అది చాలును. ఇంకొక మాట. బయటకు పోవలసివచ్చినప్పుడు ప్రతిసారి తల్లియే లేచుట ఏల? తండ్రి సభలో ఉన్ననాడు రెండవ అంకమున అతడు బిడ్డను ఎత్తుకొని వసారాలో తిరుగవలెను. మొదటి అంకమున ఆమె తిరిగినది గదా. ఈ చిన్న యేర్పాటును ఒప్పుకొనని సంస్కారవాదులను మేము ఎఱుగుదుము.

శాలలవారు చేయదగినది వ్యయముతో కూడినది కాదు. తలుపు ప్రక్క రెండు వరుసలను బిడ్డలతో వచ్చువారికి విడువవచ్చును. వసారాలో ఒక ధ్వనిపెట్టెను తక్కువ స్వరముతో పెట్టినచో బిడ్డను ఆడించుచున్న తల్లి కథను కోల్పోదు. పాలిచ్చుటకు ఒక గది, దానికి లోపలి గడియ. పత్రికలో ఆఱు గంటలని వేసినచో ఆఱు గంటలకు తెర. సన్మానములు నాటకము ముగిసిన తరువాత, ఉండదలచినవారికొఱకు. ఒడిలో కూర్చుండు బిడ్డకు గూడ పూర్తి టిక్కెట్టు కొనుమని కొన్ని చోట్ల అడుగుచున్నారు. బిడ్డ కుర్చీని ఆక్రమింపదు, వేదికను సరిగా చూడను చూడదు, సగములో నిద్రపోవును. ఉస్మాన్‌గంజ్ బేరగాండ్రైనను తూకము లేని వస్తువునకు వెల కట్టరు.